ఎక్కడికని అడిగిన పిల్ల

వేటకు బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. జాలరిపేటలో పాలు తాగే పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. మిగతా ఊళ్ళవాళ్ళు ‘దూరమా?’ అని తెలివిగా అడిగి తప్పించుకుంటారు గానీ, ఇక్కడ అదీ పనికిరాదు. అయినా వల భుజానేసుకున్న మగాడు ఎక్కడికి పోతాడో ఆడదానికి తెలియకనా? కళ్ళెదురుగా అంత సముద్రం ఉంది. అడగడమంటే మనిషి తిరిగి రావడం మీద అనుమానం పెట్టడమేనని పెద్దవాళ్ళ నమ్మకం. అందుకే ఆ వేళప్పుడు ఆడవాళ్ళు నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు ఉంటారు. ఏం కావాలన్నా చేత్తోనే చూపిస్తారు.

ఆ సాయంత్రం నూకాలు గడప ముందు పీట వేసుకుని కానాగంత చేపల పొట్టలు చీల్చి ఉప్పు కూరుతోంది. మొగుడు అప్పలరాజు అరుగు మీద కాళ్ళు చాపుకుని, కాలి బొటనవేలికి వల తగిలించి బిగలాగి, చిరుగులు కుడుతున్నాడు. ఇద్దరికీ మధ్య కూతురు సాయిదుర్గ బోర్లా పడుకుని ఇంగ్లీషు చదువుతోంది. తొమ్మిదో తరగతి. బడి మొత్తం ఇంగ్లీషులోకి మారిపోయాక, ఆ పిల్ల లెక్కల్లో కూడా లెక్క వచ్చి, మాట రాక తప్పుతోంది. ఆ గోడు నూకాలు మధురవాడలో చేపలు వేసే ఇంట ఒకసారి చెప్పుకుంది. ఆ ఇంటావిడ మధులత గోదావరి వైపు మనిషి, మొగుడిది పోర్టులో ఉద్యోగం. "శని, ఆదివారాలు నీతో పాటు తీసుకురా నూకాలూ, నేను చెబుతాగా" అంది. అప్పట్నుంచి తల్లి గంపతో, కూతురు పుస్తకాల సంచితో ఒకే ఆటోలో వెళ్ళి వస్తున్నారు.

"నాన్నా, ఇంగ్లీషోళ్ళకి అన్నీ తిరకాసే" అంది సాయిదుర్గ. "మనం బల్ల మీద అంతామా? ఆళ్ళు మీద బల్ల అంతారు. ఆన్ ద టేబుల్. మనం సంద్రంలోకి అంతే, ఆళ్ళు లోకి సంద్రం అంతారు. ఇన్‌టు ద సీ."

అప్పలరాజు దారం పంటితో కొరికి ఆలోచించాడు. "అంతే, మన బోటుకి ఇంజను ఎనకాల ఉంతాది. ఆళ్ళు ముందల కట్టుకున్నారన్నమాట. ఎలగ తోలుతారే బాబూ!"

"బాగానే తోలుతారు. ఆ సిన్న మాట ముందల నేకపోతే ఎనకాల మాట ఎటెళ్ళాలో దానికి తెల్దు. ఎక్కడ, ఎక్కడికి, ఎప్పుడు, ఎవులితో, ఈటన్నిటికీ జవాబు ఆ ముక్కలోనే ఉంతాదంట. దాన్ని ప్రిపోజిషనల్ ఫ్రేజ్ అంతారు."

"దాని పేరుకే నోరు తిరగదు, ఇంక అదేటి సెప్తాది" అంది నూకాలు.

"ఉండమ్మా, ఇను. మై ఫాదర్ గోస్ టు ద సీ, ఇన్ ద బోట్, విత్ మై అంకుల్, బిఫోర్ సన్‌రైజ్."

"అందులో నానున్నానా?" అన్నాడు అప్పలరాజు.

"ముందల నువ్వే ఉన్నావు. సంద్రంలోకి, బోటులో, తాతబాబు మావతో, తెల్లారకుండా. అంత పెద్ద వాక్యం సూసి బయిపడకూడదంట. ఈ ముక్కలన్నీ ఒక్కోటీ తీసి పక్కనెట్టీయాల. మిగిలిందే అసలు వాక్యం." పిల్ల ఒక్కొక్క ముక్కనీ వేలితో మూసి చూపించింది. "మై ఫాదర్ గోస్. నాన్న ఎల్తాడు. అంతే మిగుల్తాది."

"ఎల్లడమేనా? మరి ఒచ్చేది ఎక్కడ రాసినావే?" అంది నూకాలు, చేప మొప్పల్లో ఉప్పు కుక్కుతూ.

"అది ఇంకో వాక్యం అమ్మా. అది రేపు రాత్తాను."

తర్వాత తండ్రీకూతుళ్ళు తలలు దగ్గరపెట్టి ఏదో గుసగుసలాడుకున్నారు. పిల్ల లోపలున్న నాయనమ్మ వైపు భయంగా చూసింది. అప్పలరాజు తొడ చరుచుకుని నవ్వాడు. "ఇంగ్లీషులో అయితే పర్వానేదులే. గంగమ్మ తల్లికి ఇంగ్లీషేటి తెల్సు?" అన్న మాట ఒక్కటే నూకాలు చెవిన పడింది. వీళ్ళిద్దరూ కలిస్తే ఇంతేలే అనుకుని చేతులు కడుక్కోవడానికి లేచింది.

మర్నాడు వెలుగు రాకముందే అప్పలరాజు లేచాడు. లుంగీ ఎగ్గట్టి, ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు దోపుకున్నాడు. నూకాలు గంజన్నం క్యారేజీ చేతికందించి, మూత గట్టిగా ఉందని వేలితో తట్టి చూపించింది. ఆ వేళకి వాళ్ళ కాపురంలో అదే మాట. వాళ్ళది ఇద్దరు మనుషులు నడిపే చిన్న ఫైబర్ తెప్ప. నూకాలు తమ్ముడు తాతబాబు అప్పటికే ఇసకలో దాని కింద దుంగలు పేర్చి నిలబడ్డాడు.

ఇద్దరూ తెప్పను నీళ్ళలోకి నెడుతుంటే, ఒడ్డున నిలబడ్డ నూకాలు వెనకనుంచి సాయిదుర్గ పరుగెత్తుకొచ్చింది. మొహమైనా కడుక్కోలేదు. నీళ్ళ అంచున ఆగి, చేతులు నోటి చుట్టూ దొన్నెలా పెట్టి అరిచింది.

"వేర్ ఆర్ యూ గోయింగ్, నాన్నా?"

అప్పలరాజు మోకాలి లోతు నీళ్ళలో వెనక్కి తిరిగాడు. ఆ నవ్వు నూకాలు తర్వాత చాలాసార్లు తలుచుకుంది. పళ్ళన్నీ బయటపెట్టి, తరగతిలో లేచి నిలబడ్డ పిల్లాడిలా నిటారుగా నిలబడి, "టు ద సీ! ఇన్ ద బోట్! విత్ తాతబాబు!" అని కేకేశాడు. పక్క తెప్పలవాళ్ళు కూడా నవ్వారు.

"ఏటంతంది అది?" అంది నూకాలు ఉండబట్టలేక, గొంతు తగ్గించి.

"బాగా పట్టుకురమ్మంతంది" అన్నాడు అప్పలరాజు. కూతురికి కన్ను కొట్టి తెప్పెక్కాడు.

మధ్యాహ్నానికి తెప్పలన్నీ ఒడ్డు చేరాయి. వాళ్ళది రాలేదు. ఇంజను ఆగిపోయి ఉంటుందన్నారు. భీమిలి వైపు కొట్టుకుపోయి ఉంటారన్నారు. నూకాలు ఒడ్డున జరిగే చేపల వేలంపాటకు వెళ్ళలేదు. ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని, నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. సముద్రం మీద చూపు నిలిపితే ప్రతి నల్ల చుక్కా తెప్పే అనిపిస్తుంది. ఎండ వాలేసరికి ఆమె కళ్ళు వాచాయి. ఫోను చేస్తే ‘అందుబాటులో లేరు’ అని ఒకావిడ మర్యాదగా చెబుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్న వేరే ఊరి బోటువాళ్ళు తాతబాబును తెచ్చారు. ఐసు పెట్టుకునే థర్మాకోల్ పెట్టెను కావలించుకుని తేలుతూ దొరికాడట. ఒంటి మీద చర్మం ఉప్పుకు పగిలిపోయి ఉంది. అక్కను చూసి పెదాలు కదిలించడానికే చాలాసేపు పట్టింది.

"కెరటం కాదప్పా, అది గోడ. తెప్ప బోర్లాపడిపోనాది. బావ సెయ్యి నా సేతిలోనే ఉన్నాది. సేనా సేపు ఉన్నాది. ఇడిసిపోనాది అప్పా."

నూకాలు ఏడవలేదు. తమ్ముడి చెయ్యి తీసుకుని, అరచెయ్యి విప్పి చూసింది. అక్కడ ఇంకా ఏదైనా ఉంటుందేమో అన్నట్టు చూసింది. అప్పుడు లేచింది ఏడుపు, పేటంతా వినబడేలా.

ఆ ఏడుపుల మధ్యనే సాయిదుర్గ నాయనమ్మ ముసలమ్మ దగ్గరికి వెళ్ళింది. ముసలమ్మ నేల మీద చతికిలబడి గుండెలు బాదుకుంటోంది. పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మామ్మా, నానే అడిగినాను. ఎక్కడికెల్తన్నావని నాన్నని నానే అడిగినాను. ఇంగ్లీషులో అడిగితే ఏటీ అవ్వదనుకున్నాను. మధులత టీచర్ అందర్నీ ఎక్కడికని అడిగి రాసుకురమ్మన్నారు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారి ఆగిపోయింది. ముసలమ్మ మనవరాలి మొహంలోకి చూసి, చెయ్యి విదిలించుకుంది. "ఓలమ్మో! నా కొడుకుని నోటితో పొట్టనెట్టుకున్నావు కదే గుంటా! ఎక్కడికని అడిగినావా? అడిగినావా?" అంటూ మళ్ళీ గుండెలు బాదుకుంది.

పిల్ల తల్లి దగ్గరికి వచ్చింది. వచ్చి, చిన్నప్పుడు చేసినట్టే, ఆమె ఒళ్ళో తల పెట్టబోయింది. నూకాలుకు అప్పుడు ఒక్కటే గుర్తొచ్చింది: దొన్నెలా పెట్టుకున్న ఆ చేతులు, ‘బాగా పట్టుకురమ్మంతంది’ అన్న ఆ అబద్ధం. ఆమె మోకాళ్ళు పక్కకు జరిపేసింది. మోకాళ్ళు జరిపింది, అంతే. పిల్ల తల గాలిలో ఒక క్షణం ఆగి, మెల్లగా పైకి లేచింది.

కోస్టుగార్డు బోటు తిరిగి తిరిగి వెళ్ళిపోయింది. మనిషి దొరకలేదు. పెద్దలు కూర్చుని ఇంక చాలన్నారు. దర్భలతో బొమ్మ చేసి, దానికి అప్పలరాజని పేరు పెట్టి, ఒడ్డున జరపాల్సినవన్నీ జరిపించారు. నూకాలు గాజులు తీశారు. కడసారి చూడ్డానికి మొహం లేదు, ముట్టుకోవడానికి చెయ్యి లేదు. గడ్డి ముందు కూర్చుని మొగుడని ఎంతకని ఏడుస్తుంది? ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు.

ఆ తర్వాత పేట పేటంతా సాయిదుర్గకు దూరం జరిగింది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. తెల్లవారుజామున వేటకెళ్ళే మగవాళ్ళు వాళ్ళ వీధి మానేసి చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టారు. పిల్ల కుళాయి దగ్గరికి వెళితే, మొగుళ్ళు వేటలో ఉన్న ఆడవాళ్ళు బిందెలు తీసుకుని జరిగిపోయారు. పక్కింటి గౌరీశ్వరి నూకాలును చాటుకు పిలిచి, "ఏటీ అనుకోకు నూకాలప్పా, నీ కూతురంటే నాకూ పేనమే. బోట్లు ఎల్లిందాకా దాన్ని బయటికి ఒగ్గకు. మా ఆయన బయిపడతన్నాడు" అంది. నూకాలు సరేనని తలూపింది. ఇప్పుడు ఆ ఇంట్లో ముగ్గురూ ఎదురు రాకూడనివాళ్ళే అయ్యారు. మొగుళ్ళు పోయినవాళ్ళు ఇద్దరు, నోరు మంచిది కానిది ఒకతె.

ఒక పొద్దున్న నూకాలు తలుపు వారగా తీసి, సందులోంచి బయటికి చూసింది. తెలియక కాబోలు, ఎవరో ఇద్దరు మగవాళ్ళు వలలు మోసుకుంటూ ఇంటి ముందునుంచే పోతున్నారు. వెనక్కి తిరిగితే, తలుపు మూల సాయిదుర్గ నిలబడి ఉంది. పిల్ల రెండు చేతులూ నోటి మీద అదిమి పెట్టుకుంది. పొరపాటున మాట జారుతుందేమో, జారితే ఎవరు పోతారో అన్నట్టు వేళ్ళు బుగ్గల్లో దిగబడేలా నొక్కుకుంది. అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా ఊపిరి కూడా తీసుకోలేదు. చేతులు తీశాక బుగ్గల మీద ఎర్రగా వేళ్ళ గుర్తులున్నాయి.

పిల్ల మాట్లాడి ఎన్నాళ్ళయిందో నూకాలుకు అప్పుడు తట్టింది. అన్నం పెడితే తింటోంది. పిలిస్తే వస్తోంది. నోరు మాత్రం విప్పడం లేదు.

ఆ వారంలోనే మధులత వచ్చింది. ఆటో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసక సందుల్లో అడుగుతూ అడుగుతూ వచ్చింది. అరుగు మీద కూర్చున్నాక చాలాసేపు కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది.

"నువ్వు రావడం మానేశావని ఫోను చేస్తే తాతబాబు చెప్పాడు నూకాలూ. ఆ హోంవర్క్ ఇచ్చింది నేను. మీ పిల్ల కాదు."

"మీకు తెల్దు కదమ్మా" అంది నూకాలు. "మీ దిక్కు ఇలాంటివి ఉండవు."

"ఎందుకుండవు? మా అత్తగారు ఇప్పటికీ ఎవర్నీ ఎక్కడికని అడగనివ్వరు. ఆయన పోర్టుకి వెళ్ళేటప్పుడు నేనూ అడగను. ఇంగ్లీషు పాఠమే కదా, ఇందులో ఏముందనుకున్నాను. ఆ ముక్కలు దేనికి జవాబు చెబుతాయో తెలియాలని అందర్నీ ఎక్కడికని అడిగి రమ్మన్నాను, మరో ప్రశ్న నాకు తోచలేదు." ఆవిడ సాయిదుర్గ వైపు తిరిగింది. "నాతో మాట్లాడవా అమ్మా? పోనీ, రాస్తావా?"

సంచిలోంచి సుద్దముక్క తీసి ఇచ్చింది. పిల్ల చాలాసేపు దాన్ని అరచేతిలో దొర్లించింది. ఆఖరికి గడప ముందు సిమెంటు నేల మీద, మొన్నటిదాకా నూకాలు ముగ్గేసిన చోట, వంగి కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పొడుగాటి వాక్యం. అక్షరాలు గుండ్రంగా, పొందికగా ఉన్నాయి. రాశాక, అరచేత్తో ఒక ముక్క చెరిపింది. ఇంకోటి చెరిపింది. మరోటి. సుద్ద చెయ్యంతా తెల్లగా అయ్యేదాకా చెరిపి, మిగిలిన దాని ముందు మోకాళ్ళ మీద చుబుకం ఆనించుకుని కూర్చుంది.

మధులత అది చదివి తల పక్కకు తిప్పుకుంది.

"ఏటి రాసిందమ్మా?" అంది నూకాలు.

"నేను నేర్పిందే చేసింది" అంది మధులత కష్టం మీద. "తెల్లారకుండా, మావయ్యతో, బోటులో, సముద్రంలోకి… అవన్నీ ఒక్కొక్కటే తీసేసింది. మై ఫాదర్ వెంట్ అని మిగిలింది. నాన్న వెళ్ళిపోయాడు అని."

నూకాలు ఆ రెండు మూడు తెల్ల గీతల్ని చూసింది. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. అయినా అందులో తన మొగుడు ఎక్కడున్నాడో తెలిసినట్టే అనిపించింది. అతని తర్వాత ఉన్నదంతా ఖాళీ నేల. మధులత వెళ్ళాక కూడా ఆ రాతను ఎవరూ తుడవలేదు. రాకపోకలకు అడ్డమైనా, ముగ్గురూ దాన్ని తొక్కకుండా దాటుకుంటూ తిరిగారు.

సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని నూకాలు అత్తగారిని అడిగింది.

"అత్తా, మావ సంద్రంలో పోనాడు కదా. మావని ఎవులడిగినారు ఎక్కడికని?"

ముసలమ్మ చింతపండు పిసుకుతున్నదల్లా ఆగింది. "ఎవులూ అడగనేదు."

"మరెందుకు పోనాడు?"

ముసలమ్మ పిసికిన చింతపండునే మళ్ళీ మళ్ళీ పిసికింది. "ఆయన అటెల్లినాడు, ఇటు నాను తల దువ్వుకున్నాను" అంది ఆఖరికి. "పెళ్ళయి ఏడాది కానేదు. సబ్బవరం దిక్కునుంచి ఒచ్చినదాన్ని, మాది వ్యవసాయం. మొగుడు సంద్రం మీదుంతే తల దువ్వకూడదని నాకెవులు సెప్పినారు? నూనె రాసుకుని, ముడేసుకుని, పూలెట్టుకున్నాను. మా అత్త సచ్చిందాకా అదే అంది. దువ్వెనతో నా కొడుకుని దువ్వీసినావే అంది. ఇప్పటికీ నాను దువ్వెన ముట్టను."

నూకాలు అత్తగారి నెత్తిన ఎప్పుడూ చేత్తోనే చుట్టుకునే ఆ చిక్కు ముడిని చూసింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి చూస్తూనే ఉంది, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. తన తల్లీ గుర్తొచ్చింది. తండ్రి పోయిన రోజు ఆవిడ తుమ్మిందట. ఎదురింటి ముసలిది మొగుడు వెళ్ళగానే వాకిలి ఊడ్చిందట. పేటలో మొగుడు పోయిన ప్రతి ఆడదానికీ ఇలాంటిది ఒకటి ఉంది. సముద్రం చేసిన పనికి ప్రతి ఇంట్లోనూ ఒక ఆడది దొరుకుతుంది. ఈ ఇంట్లో మరీ చవగ్గా, పద్నాలుగేళ్ళది దొరికింది.

"నువ్వు పడ్డావు కదా అత్తా" అంది నూకాలు. ఆమె గొంతులో కోపం లేదు, దుఃఖమే ఉంది. "అంత పడ్డదానివి, దాన్ని ఎలాగన్నావు?"

ముసలమ్మ చింతపండు చెయ్యి కడుక్కోకుండానే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ మాట నూకాలుకూ తగిలింది. అత్త నోటితో అంది. తను మోకాళ్ళు జరిపింది. ఏది పెద్ద దెబ్బో ఆ పిల్లను అడిగితే తెలుస్తుంది. అడిగితే మాత్రం చెబుతుందా?

నూకాలు మళ్ళీ గంపెత్తక తప్పని పొద్దు వచ్చింది. ఒడ్డున పాటలో చేపలు పట్టుకుంది. ఐసు పొడి చల్లి, తడి గోనె కప్పి, గంప నెత్తిన పెట్టుకుని ఇంటి ముందుకు వచ్చింది. రాత్రి వేటనుంచి వచ్చిన మగవాళ్ళూ, బేరాలకు బయల్దేరిన ఆడవాళ్ళూ సందంతా ఉన్నారు. సందు మొదట ఆటో ఆగి ఉంది.

"సాయీ! ఇలా రా" అని పిలిచింది నూకాలు.

పిల్ల గడప దగ్గరికి వచ్చింది.

"నాను ఎల్తన్నాను. అడుగు."

పిల్లకు అర్థం కాలేదు.

"ఎక్కడికని అడుగే. మీ నాన్నని అడిగినట్టే అడుగు."

సాయిదుర్గ రెండు చేతులూ నోటి మీదికి వెళ్ళిపోయాయి. తల అడ్డంగా ఊపుతూ వెనక్కి వెనక్కి నడిచి, గోడకు ఆనుకుపోయింది. సందులో మాటలు ఆగాయి. "ఓలే నూకాలూ, నీకేటి మతి పోనాదా? అది అడక్కూడదే!" అని గౌరీశ్వరి అరిచింది. నూకాలు అటు చూడలేదు.

"నువ్వు అడిగిందాకా నాను కదలను."

ఐసు కరిగి, గంపలోంచి నీళ్ళు నూకాలు మెడ మీదుగా కారుతున్నాయి. రవికె తడిసింది. ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి, మిగతా ఆడవాళ్ళను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఎండ అరుగు ఎక్కింది. ఎత్తిన గంప దించకుండా ఆమె అలాగే నిలబడింది. లోపలినుంచి ముసలమ్మ వచ్చి, మనవరాలి పక్కన నిలబడి, ఆ పిల్ల చేతుల్ని నోటి మీదినుంచి ఒక్కొక్కటే తీసి తన చేతుల్లో పెట్టుకుంది.

"అడుగమ్మా" అంది ముసలమ్మ. "నా తల్లివి కదూ, అడుగు."

చాలాసేపటికి పిల్ల పెదాలు కదిలాయి. ఇన్నాళ్ళూ వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

"వేర్… ఆర్ యూ గోయింగ్, అమ్మా?"

నూకాలు నిటారుగా నిలబడింది. ఆటోలో వస్తూ పోతూ విన్నవన్నీ కూడదీసుకుని, సందంతా వినేలా కేకేసింది.

"టు ద మధురవాడ! ఇన్ ద ఆటో! విత్ ద సేపలు!"

ఎవరూ నవ్వలేదు. నూకాలు గొంతు తగ్గించి, కూతురికి మాత్రమే చెప్పింది. "ఒచ్చేది ఇంకో వాక్యం. అది సాయంత్రం సెప్తాను."

అంత ధైర్యంగా చెప్పి బయల్దేరిందా, సందు మలుపు తిరగ్గానే గోడ వారగా ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నమ్మిన నమ్మకం గంప దించినట్టు దిగిపోతుందా? నిజంగానే ఏమైనా అయితే? తను పోవడం గురించి కాదు ఆమె భయం. తను ఇవాళ పోతే ఆ పిల్ల రెండుసార్లు అడిగినట్టు అవుతుంది. ఇంక బతుకుతుందా? ఎప్పుడైనా చావొచ్చు గానీ ఇవాళ మాత్రం చావకూడదు. ఇంకో ఆటో ఎక్కి ఇనపకడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. "మెల్లగా తోలు బాబూ" అని డ్రైవరును ఒకటికి పదిసార్లు బతిమాలింది. మధురవాడ దగ్గర హైవే దాటాల్సి వచ్చినప్పుడు, ఇనప చుట్టలు వేసుకుని స్టీల్‌ప్లాంటు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే, అన్నీ పోయేదాకా నిలబడింది. రోజూ ఎక్కే మెట్లనే గోడ పట్టుకుని ఎక్కింది. మధులత తలుపు తీసి, ఆమె మొహం చూసి కంగారుగా, "ఏమైంది నూకాలూ?" అంది. "ఏటీ అవ్వనేదమ్మా. ఏటీ అవ్వకూడదు ఇయ్యాల" అంది నూకాలు. సగం చేపలు గంపలో ఉండగానే ఇంటి దారి పట్టింది.

సందు మొదట ఆటో దిగేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. గడప మీద సాయిదుర్గ కూర్చుని ఉంది. పొద్దున్న నిలబడ్డ చోటునుంచి కదిలినట్టు లేదు. పక్కన పెట్టిన అన్నం గిన్నె మీద ఈగలు ముసురుతున్నాయి. అరుగుల మీద ఆడవాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టే ఉన్నారు గానీ, చూపులన్నీ ఆ గడప మీదే ఉన్నాయి.

పిల్ల లేచి ఎదురొచ్చింది. తల్లి చేతులు పట్టుకుని చూసింది. మోచేతులు చూసింది. వంగి కాళ్ళు తడిమింది. గంప ఎత్తి పక్కన పెట్టి, తల్లి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, నుదురు, చెంపలు, చెవులు, అన్నీ వేళ్ళతో ముట్టుకుని చూసింది.

"ఒచ్చీసినాను" అంది నూకాలు. "ఇదేనే ఆ వాక్యం. నువ్వు అడిగినావు. నాను ఎల్లినాను, ఒచ్చినాను. అడగడంలో ఏటీ నేదు తల్లీ. నీ నోట్లో ఏటీ నేదు."

సాయిదుర్గ తల్లి కళ్ళలోకి చూసింది. ఆ మొహంలో ఇన్నాళ్ళూ బిగుసుకుపోయి ఉన్నదేదో వదులైంది. హమ్మయ్య అనుకుంది నూకాలు. అప్పుడు ఆ పిల్ల పసి గొంతుతో, తెలుగులోనే అడిగింది.

"మరైతే నాన్నెందుకు రానేదమ్మా?"

ఇందాకటిదాకా ఆ పిల్లకు తండ్రి రాకపోవడానికి ఒక కారణం ఉండేది. పాడుదో, అబద్ధమో, ఒకటంటూ ఉండేది. దాన్ని నూకాలే తీసేసింది. ఇప్పుడు ఆ పిల్లకు మిగిలింది సముద్రం. అది సందు చివర, రోజూలాగే, ఎండకు మెరుస్తూ ఉంది.

ఆమె గడప మీద కూలబడింది. కూతుర్ని చెయ్యి పట్టి కిందికి లాక్కుని, మోకాళ్ళు దగ్గరగా పెట్టి, ఆ తలను ఒళ్ళోకి తీసుకుంది. తండ్రి పోయాక సాయిదుర్గ ఏడవడం అదే మొదలు. ముసలమ్మ లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, తనూ అక్కడే కూర్చుంది.